గీత పడిన చోటనే పూతను పరీక్షింపవలెను

గ్రామ పంచాయతీ ఆస్తుల రిజిస్టరును ఒకమారు విప్పి చూడుడు. వీధిదీపముల స్తంభములు, మంచినీటి ట్యాంకు నిచ్చెన, ట్యాంకుపై చుట్టుకమ్మీలు, బోరింగు గొట్టములు, పైపులైను వాల్వులు, పాఠశాల గేటు, సంతపాక రేకులు, చెత్తబండ్లు — వీనిలో అధికభాగము ఇనుముతో చేయబడినవే. వీనిని కొనునపుడు పంచాయతీ తీర్మానము చేయును, కొలతలు చూచును, బిల్లు చెల్లించును. కాని ఆ ఇనుముపై నున్న పలుచని పూత ఎట్టిది, అది ఎన్నాళ్లు నిలుచును అను ప్రశ్న తీర్మానములలో అరుదుగా కనుపించును. ఇనుమునకు ఆయుస్సు నిచ్చునది ఆ పూతయే అని సభ్యులు గ్రహింపవలెను.

ఒక ట్యాంకు నిచ్చెనను ఉదాహరణముగా తీసికొందము. దానికి ఏటేట రంగు వేయుదురు. క్రిందినుండి చూచువారికి అది కొత్తదానివలె మెరయుచుండును. కాని మెట్టును నిలువుకమ్మీకి అతికిన వెల్డింగు చోట రంగు సన్నగా చిట్లినది. ఆ చిట్లులో వాననీరు నిలిచినది. రంగు క్రింద ఇనుము లోలోపల తినబడుచున్నది. బ్లీచింగు పొడి కలుపుటకు ఆ నిచ్చెన నెక్కు పంపు ఆపరేటరు ప్రాణము ఆ చిట్లుపై ఆధారపడియున్నది. పూత బాగుగ నున్న తొంబదితొమ్మిది చోట్లు అతనిని కాపాడజాలవు. చెడిన చోటు ఒక్కటియే అతనిని పడవేయును.

కావున ఈ పాఠములో మేము చెప్పదలచిన ముఖ్యాంశ మొక్కటియే. పూతను అది నిండుగా నున్న చోట చూచి మెచ్చుకొనరాదు. గీత పడిన చోట పరీక్షించి కొనవలెను. “గీత పడినను తనంతట తానే మానుకొను పూత” అను మాట ఇపుడు రంగుల విషయమున వినవచ్చుచున్నది. ఆ మాటకు అర్థమేమి, అట్టి పూతను ప్రయోగశాలలలో ఎట్లు పరీక్షింతురు, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పంచాయతీలు స్వయముగ చేయదగిన పరీక్ష ఎట్టిది అను విషయములను వరుసగా వివరించెదము.

తుప్పు ఎట్లు పట్టును?

ఇనుము భూమిలో సాధారణముగా శుద్ధలోహముగా దొరకదు. ప్రాణవాయువుతో కలిసిన ఖనిజముగా దొరకును. కొలిమిలో బొగ్గుతో కాల్చి, ఆ ప్రాణవాయువును విడదీసి, మనము ఇనుమును సంపాదించుచున్నాము. అవకాశము చిక్కినపుడెల్ల ఇనుము తన పూర్వస్థితికి మరల చూచుచుండును. ఆ తిరుగు ప్రయాణమే తుప్పు.

ఇందుకు గాలియు నీరును రెండును కావలెను. తడిసిన ఇనుముపై ఒకచోట లోహము కరగి నీటిలో కలియును. అచట వెలువడిన విద్యుత్తు లోహముగుండ మరియొక చోటికి పోయి, అచటి నీటిలోని ప్రాణవాయువునకు అందును. అనగా తుప్పు పట్టుచున్న ప్రతి చోటును ఒక చిన్న బ్యాటరీ వంటిది. నీటిలో ఉప్పు కలిసియున్నచో విద్యుత్తు సులభముగ ప్రవహించును. తుప్పు వేగము హెచ్చును.

ఇనుపతుప్పు గుల్లగా నుండును. తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. కావుననే అది రంగును పైకి లేపును; కాంక్రీటులోని కమ్మీకి పట్టినచో కాంక్రీటునే పగులగొట్టును. గుల్లగా నుండుటచే అది క్రింది ఇనుమునకు రక్షణ నీయజాలదు. ఒకచోట మొదలైన తుప్పు దానంతట అది ఆగదు.

మానుకొనుట యనగా నేమి?

చేతిపై చర్మము గీసికొనిపోయినచో రక్తము గడ్డకట్టి, పొక్కు కట్టి, క్రింద కొత్త చర్మము వచ్చును. అందుకు కావలసిన సామగ్రి శరీరములో నిల్వయున్నది. లోహపు పూత మానుకొనవలెనన్నను అట్టి నిల్వయే కావలెను. నిల్వ యేది, అది యెంత, దానిని ఖర్చు చేయునవి యేవి — ఈ మూడును తెలిసినచో పూత సంగతి తెలిసినట్లే. జమాఖర్చులు చూచు పంచాయతీ సభ్యులకు ఇది కష్టమైన విషయము కాదు.

ఇట్టి గుణముగల వస్తువు మన యిండ్లలోనే యున్నది. స్టెయిన్‌లెస్ స్టీలు గ్లాసును దినదినము పీచుతో తోముదుము. దానిపై లెక్కలేనన్ని గీతలు పడును. అయినను తుప్పు పట్టదు. ఆ ఉక్కులో నూటికి పదిన్నర పాళ్లకు తక్కువ కాకుండ క్రోమియము అను లోహము కలిసియుండును. గీత పడినంతనే ఆ క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, కంటికి కనుపించని పలుచని పొరయై గాయమును మూసివేయును. ఇచట నిల్వ పైపూతలో లేదు, లోహమంతటను వ్యాపించియున్నది. కావున తోమినకొలది తరిగిపోవునది కాదు.

ఢిల్లీలో కుతుబ్‌మీనారు చెంతనున్న ఇనుపస్తంభము సుమారు 1,600 సంవత్సరములుగా నిలిచియున్నది. ఆ ఇనుములో భాస్వరము ఎక్కువగా నుండుటచే దానిపై క్రమముగా రక్షణపొర ఏర్పడినదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆర్. బాలసుబ్రహ్మణ్యంగారు 2000 సంవత్సరములో వివరించిరి.

మనము వాడు సాధారణపు ఉక్కుకు ఇట్టి గుణము లేదు. సిమెంటు కాంక్రీటులో నున్నంతకాలము సిమెంటులోని క్షారము దానిపై రక్షణపొరను నిలుపును. బయటకు వచ్చినచో ఆ రక్షణ పోవును. కావున బయటనున్న ఇనుమునకు పైనుండి పూత వేయక తప్పదు. అట్టి పూతలు రెండు విధములు. కొన్ని కేవలము అడ్డుగోడ వంటివి. గోడకు కన్నము పడినచో దొంగ లోపల దూరును. సాధారణపు రంగు ఇట్టిది. రెండవ రకపు పూతలు తమలో కొంత నిల్వ నుంచుకొని, గీత పడినపుడు దానిని వెచ్చించును.

తగరము, తుత్తునాగము

ఈ భేదమును చూపుటకు మనకు తెలిసిన రెండు పూతలు చాలును. నూనెలకు, తినుబండారములకు వాడు రేకుడబ్బాలలో తగరపు పూతగలవి యున్నవి. జి.ఐ. అని మనము పిలుచు గొట్టములకును, బకెట్లకును, కప్పురేకులకును ఉన్నది తుత్తునాగపు పూత.

తగరము ఇనుముకంటె తక్కువ చురుకైన లోహము. పూత నిండుగా నున్నంతకాలము ఇనుమును చక్కగా కాపాడును. కాని గాలి, నీరు తగులు వెలుపలి వైపున గీత పడినచో, అచటి చిన్న బ్యాటరీలో ఇనుమే కరగును. తగరము చెక్కుచెదరక నిలుచును. అందుచే గీత పడిన డబ్బా గీతవెంట త్వరగా తుప్పు పట్టును. (ఇత్తడి పాత్రలకు వేయు కళాయి కూడ తగరమే, కాని దాని ఉద్దేశము వేరు. అది పులుసు పదార్థములలో రాగి కలియకుండ చేయుటకు.)

తుత్తునాగము ఇనుముకంటె చురుకైన లోహము. జి.ఐ. రేకుపై గీత పడి ఇనుము బయటపడినను, గీతకు రెండువైపులనున్న తుత్తునాగము ఇనుమునకు బదులుగా తాను కరగును. అట్లు కరగినది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోను, తేమతోను కలిసి, తెల్లని పదార్థమై గీతలో పేరుకొనును. ఆ విధముగ గాయము కొంత పూడును. కొద్ది మిల్లీమీటర్ల వెడల్పుగల గీతను ఈ పూత కాపాడగలదు. అరచేయి వెడల్పున పూత ఊడిపోయినచో నడిమి ఇనుమును కాపాడజాలదు. కావున “తానే మానుకొను పూత” మన గ్రామములకు కొత్త వస్తువు కాదు. జి.ఐ. బకెట్టుతో పాటు అది ఎన్నడో వచ్చినది. 1837లో ఫ్రాన్సు దేశమున స్తానిస్లాస్ సొరెల్ అను ఇంజనీరు దీనికి పేటెంటు పొందెను.

ఒక పరీక్ష నేర్పిన పాఠము

ఒక లోహమును బలి యిచ్చి మరియొక లోహమును కాపాడు పద్ధతిని మొదట పరిశోధించినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు సర్ హంఫ్రీ డేవీ. ఆనాటి యుద్ధనౌకల కొయ్య అడుగులకు రాగిరేకులు తొడిగెడివారు. ఉప్పునీరు ఆ రాగిని తినివేయుచుండెను. 1824లో డేవీ ఆ రేకులకు అచటచట ఇనుప, తుత్తునాగపు ముక్కలను తగిలించెను. రాగి తినబడుట మానెను. పరీక్ష నెగ్గినదని అందరును సంతసించిరి.

కాని నౌకలు సముద్రములో తిరిగివచ్చుసరికి వాని అడుగున గుల్లలు, నాచు దట్టముగ పట్టి వేగము తగ్గినది. అంతకుముందు కొద్దికొద్దిగ కరగు రాగి యొక్క విషమే వానిని దరిజేరనీయకుండెను. రాగి కరగుట ఆగినంతనే అవి నౌకను పట్టుకొన్నవి. నౌకాదళము ఆ ఏర్పాటును విడిచిపెట్టెను. పద్ధతిలో దోషము లేదు. నేడు భూగర్భ గొట్టములకును, నౌకల ఉక్కు అడుగులకును దానినే వాడుచున్నారు. ప్రయోగశాలలో నెగ్గినది పనిచేయవలసిన చోట మరల పరీక్షకు నిలువవలెనని ఈ కథ నేర్పును.

మన బోరింగులలోను ఇట్టి పాఠమే కలదు. ఇండియా మార్క్ 2 చేతిపంపు 1970ల దశకములో మన దేశమున రూపొంది, పిమ్మట అనేక దేశములకు వ్యాపించినది. దాని జి.ఐ. గొట్టములు చాలచోట్ల బాగుగనే నిలిచినవి. పశ్చిమ ఆఫ్రికాలో కొన్నిచోట్ల మాత్రము నీరు ఎర్రబడి, ఇనుపరుచి కలిగి, ప్రజలు బావులను విడిచి మరల చెరువులకు పోయిరి. పరిశోధింపగా, భూగర్భజలపు పి.హెచ్. 6.5 కంటె తక్కువగా నున్నచోట తుత్తునాగపు పూత గొట్టమును కాపాడజాలదని తేలినది. పి.హెచ్. అనగా నీటి పులుపును, క్షారమును తెలుపు అంకె; 7 మధ్యస్థము, అంతకు తగ్గినకొలది పులుపు. పూత మంచిదే; నీరు దాని నిల్వను వేగముగ తినివేసినది. కావున బోరులో గొట్టము దింపుటకు పూర్వము నీటి పి.హెచ్. తెలిసికొనుడు. జల్ జీవన్ మిషన్ క్రింద గ్రామములకిచ్చిన నీటి పరీక్షపెట్టెతో దీనిని కొలువవచ్చును. పులుపు నీరైనచో ప్లాస్టిక్కు గొట్టములనుగాని స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టములనుగాని ఇంజనీరుగారి సలహాతో ఎన్నుకొనవలెను.

కొత్త పూతలు

తుత్తునాగము తరువాత చిరకాలము వాడుకలోనున్న మానుకొను పూత క్రోమేటు పూత. విమానముల అల్యూమినియముపై దీనిని విరివిగా వాడిరి. పూతలోని క్రోమేటు కొద్దికొద్దిగ తేమలో కరగి, గీతలోనికి చేరి, అచట రక్షణపొర నేర్పరచును. పనిచేయుటలో దీనికి సాటి కష్టము. కాని ఈ క్రోమేటు క్యాన్సరు కలిగించునది. అందుచే దీని వాడుకను అనేక దేశములు తగ్గించుచున్నవి. దానికి బదులు వెదకుటలోనే నేటి కొత్త పూతలు పుట్టినవి.

అందులో నొకటి బుడగల పూత. 2001లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున స్కాట్ వైట్ అను ఆచార్యుడును, ఆయన సహచరులును, పగిలినచో తానే అతుకుకొను ప్లాస్టిక్కు పదార్థమును ప్రకటించిరి. అందులో కంటికి కనుపించని బుడగలు, వానిలో జిగురుద్రవము నింపబడియుండును. పగులు బుడగను చీల్చినపుడు ద్రవము కారి, గట్టిపడి, పగులును పూడ్చును. తరువాత ఈ ఉపాయమును లోహములపై పూతలకును మలచిరి. గాలి తగిలినచో గట్టిపడు అవిసెనూనెను బుడగలలో నింపి పరీక్షించిన పరిశోధకులును కలరు. కొయ్యసామానుకు అవిసెనూనె పూసిన వడ్రంగికి ఈ గుణము తెలిసినదే.

రెండవది మట్టినాళికల పూత. హేలోసైటు అను ఒక బంకమన్ను ఉన్నది. దాని రేణువులు సూక్ష్మమైన గొట్టములవలె నుండును. ఆ గొట్టములలో తుప్పును నిరోధించు మందును నింపి పూతలో కలుపుదురు. గీతలో తుప్పు మొదలుకాగానే మందు వెలికి వచ్చి దానిని అణచును. హైదరాబాదు సమీపమున బాలాపూరులోనున్న ఎ.ఆర్.సి.ఐ. అను కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థవారు ఈ విధమైన పూతలను అల్యూమినియము, మెగ్నీషియము మిశ్రలోహములపై వేసి పరీక్షించి, ఫలితములను ప్రకటించిరి. ఇవి ముఖ్యముగ విమానములు, మోటారు వాహనములు మొదలగువాని తేలిక లోహములకు ఉద్దేశింపబడినవి.

ఈ కొత్త పూతలకును జమాఖర్చు తప్పదు. ఒకచోట పగిలిన బుడగ మరల నిండదు. అదేచోట రెండవ గీత పడినచో మానుకొనునో లేదో పరీక్షింపనిదే చెప్పరాదు. “తానే మానుకొనును” అనినంత మాత్రమున “ఎల్లకాలము మానుకొనును” అని అర్థము కాదు.

ప్రయోగశాలలో పరీక్ష

అన్ని దేశములవారు వాడు పాత పరీక్ష ఉప్పుమంచు పరీక్ష. నూటికి ఐదు పాళ్లు ఉప్పుగల నీటిని, 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో, మూసిన పెట్టెలో మంచువలె కురిపింతురు. పూత వేసిన రేకుపై ముందుగా పదునైన మొనతో లోహము కనుపించువరకు గీత గీయుదురు. కొన్ని వందల గంటల తరువాత రేకును తీసి, గీతనుండి ఇరువైపుల తుప్పు ఎన్ని మిల్లీమీటర్లు ప్రాకినదో కొలుతురు. మానుకొను గుణముగల పూతను, అట్టి గుణము లేని అదే పూతను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుదురు.

ఇచట సభ్యులొక విషయమును గుర్తుంచుకొనవలెను. ఉప్పుమంచు పెట్టెలో గంటలు వేరు, ఊరిలో ఏండ్లు వేరు. ఇన్ని గంటలు నిలిచినది గనుక ఇన్ని సంవత్సరములు నిలుచునని లెక్క కట్టుటకు వీలులేదు. ముఖ్యముగ తుత్తునాగమునకు తడియు, ఆరుటయు మారిమారి వచ్చుచుండవలెను. ఆరినపుడే దానిపై గట్టి రక్షణపొర ఏర్పడును. ఎడతెగక తడియుచుండు పెట్టెలో దానికి ఆ అవకాశము లేదు. కావున తడిపి ఆరబెట్టు పరీక్షలును నేడు చేయుచున్నారు.

రెండవ పరీక్ష విద్యుత్తుతో చేయునది. పూత వేసిన లోహమును ఉప్పునీటిలో నుంచి, స్వల్పమైన విద్యుత్తును పంపి, పూత దానిని ఎంత అడ్డగించునో కొలుతురు. గీత గీయగానే ఆ అడ్డు పడిపోవును. కొన్ని గంటలకో దినములకో అది మరల పెరిగినచో పూత మానుకొనుచున్నదని నిర్ణయింతురు.

మూడవది ఆరుబయట పరీక్ష. తమిళనాడులోని కరైకుడిలో 1948లో శంకుస్థాపన జరిగి 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ ఇందులో ప్రసిద్ధి గాంచినది. రామేశ్వరము చెంత మండపములో సముద్రతీరమున వారికి పరీక్షాస్థలము కలదు. దేశములో పలుచోట్ల లోహపు ముక్కలను ఎండవానలకు వదలి, ఎచట తుప్పు వేగము ఎంతయో చూపు పటమును గూడ వారు సిద్ధపరచిరి. ఆలస్యమైనను నమ్మదగిన పరీక్ష ఇదియే. పంచాయతీలు చేయగలిగినదియు ఇదియే.

మన ప్రాంతములో నిల్వను తినునవి

మదనపల్లె, పుంగనూరు, కుప్పము మూడును సముద్రమునకు దూరముగ, ఎత్తైన నేలపై నున్నవి. విశాఖపట్టణపు రేవులో వీచు ఉప్పుగాలి ఇచట లేదు. ఇది మనకు మేలే. అట్లని ఇనుము క్షేమముగ నుండునని తలపరాదు. ప్రతిచోట పూతను తిను శత్రువు వేరు.

మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమున పేరుగాంచినది. టమోటా రసము పులుపు పదార్థము, దాని పి.హెచ్. సుమారు నాలుగున్నర. పులుపులో తుత్తునాగము త్వరగా కరగును. రసము చిందు కాటాబల్లలు, బండ్ల అడుగురేకులు, షెడ్డు స్తంభముల పాదములు ముందుగా చెడును. దినమున కొకసారి మంచినీటితో కడుగుట చౌకయైన రక్షణ.

పుంగనూరు పేరు చెప్పగానే పొట్టి ఆవులు జ్ఞప్తికి వచ్చును. పశువుల పాకలో మూత్రము, పేడ నిలిచినచోట అమ్మోనియా పుట్టి పూతను తినును. స్తంభము నేలలో దిగుచోటనే తుప్పు ఆరంభమగును. స్తంభపు పాదమునకు నేలకంటె జానెడెత్తు సిమెంటు దిమ్మె కట్టి, నీరు నిలువకుండ వాలు తీయవలెను.

కుప్పము ప్రాంతమున గ్రానైటు పనులున్నవి. హంద్రీ–నీవా కుప్పము శాఖా కాలువ గలదు. రాతిపొడి రేకులపై పేరుకొని తేమను పట్టియుంచును. కాలువల, చెరువుల తూముతలుపులు నీటిమట్టము పెరిగి తరుగుచోట, అనగా ఒకప్పుడు తడిసి ఒకప్పుడు ఆరుచోట, ఎక్కువగ చెడును. ఇసుకతో కూడిన ప్రవాహము పూతను గీకివేయును. ఇట్టి తలుపులను నీరు తగ్గిన కాలమున ప్రతి సంవత్సరము తనిఖీ చేయవలెను.

మూడు ప్రాంతములకును ఉమ్మడియైన శత్రువులు కొన్ని కలవు. బ్లీచింగు పొడి సంచులను పంపుగదిలో నిల్వచేసినచో దాని ఆవిరి గదిలోని ఇనుమును తినివేయును. దానిని మూతగల ప్లాస్టిక్కు డబ్బాలో, వేరుచోట నుంచవలెను. కొత్త జి.ఐ. రేకులను తడిగా నొకదానిపై నొకటి పేర్చినచో తెల్లతుప్పు పట్టి పూత వాడుకకు ముందే ఖర్చగును. గొట్టమునకు మర త్రిప్పినపుడును, వెల్డింగు చేసినపుడును ఆ చోట తుత్తునాగము పోవును. అచట తుప్పును, మసిని ఉప్పుకాగితముతో గీకి, తుత్తునాగపు పొడి ఎక్కువగా గల రంగును పూయవలెను. ఈ చిన్నపనిని మరచుటచేతనే మంచి గొట్టములు కూడ కీళ్లవద్ద కారుచుండును.

పంచాయతీ చేయదగిన పరీక్ష

ఈ పరీక్షకు కావలసినది ఒక కొయ్యచట్రము, కొన్ని రేకుముక్కలు, ఒక నోటుపుస్తకము.

1. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పుగల ముక్కలను ఒక్కొక్క రకమునకు రెండేసి చొప్పున తీసికొనుడు: పూత లేని ఇనుము, రెడ్ ఆక్సైడు వేసి రంగు పూసిన ఇనుము, జి.ఐ. రేకు, జి.ఐ. రేకుపై రంగు, వ్యాపారి చూపు కొత్త పూత.

2. పూతగల ముక్కల కోసిన అంచులకు మైనము పూయుడు. లేనిచో అంచునుండి వచ్చిన తుప్పు గీతలోనిదని భ్రమపడుదుము.

3. ప్రతి జతలో ఒక ముక్కను నిండుగా నుంచి, రెండవదానిపై బద్దను ఆనించి, కత్తిమొనతో లోహము మెరయువరకు రెండంగుళముల గీత గీయుడు.

4. ముక్కలు ఒకదానికొకటి తగులకుండ నైలాను దారముతో చట్రమునకు కట్టుడు. చట్రమును దక్షిణముఖముగ ఏటవాలుగ, ఎండవాన తగులునట్లు నిలుపుడు.

5. స్థలమును ఆలోచించి ఎన్నుకొనుడు. ట్యాంకు కొరకైనచో ట్యాంకుపై, సంతపాక కొరకైనచో సంతలో, పశువుల షెడ్డు కొరకైనచో షెడ్డుచెంత నుంచవలెను.

6. ప్రతినెల మొదటివారమున చూచి, ఫోనుతో చిత్రము తీసి, తుప్పు గీతనుండి ఎన్ని మిల్లీమీటర్లు ప్రాకినదో వ్రాయుడు. తెలుపు కనుపించినచో తుత్తునాగపు నిల్వ ఖర్చగుచున్నదని అర్థము. ఎరుపు కనుపించినచో ఇనుమే పోవుచున్నదని అర్థము.

7. మూడు నెలల తరువాత కొత్త పూతపై అదే గీతను మరల గీయుడు. రెండవసారియు మానుకొన్నచో దాని నిల్వ మంచిదని చెప్పవచ్చును.

పూత లేని ఇనుపముక్కను వృథాయని తీసివేయరాదు. ఆ చోటు ఎంత కఠినమైనదో తెలుపునది అదియే. అది తుప్పు పట్టనిచో మిగిలిన ముక్కలకు ఇంకను పరీక్షయే జరుగలేదని గ్రహింపవలెను. నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండును గడచునట్లు పూర్తిగ ఒక సంవత్సరము చూడవలెను. ఈ మూడు ప్రాంతముల పంచాయతీలు తమ నోటుపుస్తకములను పోల్చుకొన్నచో, ఒకే పూత టమోటా పులుపునకు, పశుశాలకు, కాలువ తడికి ఎట్లు నిలిచినదో అందరకును తెలియును.

కొనుటకు ముందు

జి.ఐ. రేకు కొనునపుడు దానిపై భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 277 గుర్తును, పూత బరువును చూడుడు. 275 అను అంకె చదరపు మీటరునకు రెండువైపుల కలిపి 275 గ్రాముల తుత్తునాగమున్నదని తెలుపును. ఒక్కొక్క వైపున అది సుమారు 19 మైక్రాన్ల మందము. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. 120 గ్రాముల రేకుపై మందము సుమారు 8 మైక్రాన్లు మాత్రమే. ఏడాదికొక మైక్రాను ఖర్చగు చోట మొదటిది పందొమ్మిది ఏండ్లు, రెండవది ఎనిమిది ఏండ్లు కాపాడును. ఏడాదికి రెండు మైక్రాన్లు ఖర్చగు చోట ఆ కాలము సగమగును. ధరలోని తేడాను ఈ ఏండ్లతో భాగించి చూడుడు. ఏది చౌకయో తెలియును.

దీపస్తంభములు, నిచ్చెనల వంటివానికి, వెల్డింగు పని అంతయు ముగిసిన పిదప కరగిన తుత్తునాగములో ముంచి తీయు పూత శ్రేష్ఠము. 5 మిల్లీమీటర్లు, అంతకు మించిన మందముగల ఉక్కుకు ఐ.ఎస్. 4759 ప్రకారము చదరపు మీటరునకు 610 గ్రాముల పూత యుండవలెను. ఇది సుమారు 85 మైక్రాన్లు. దీనిని కొలుచు అయస్కాంతపు పరికరముతో ఇంజనీరుగారిచే బిల్లు చెల్లింపునకు ముందే కొలిపింపవలెను.

“మా పూత వేయి గంటల ఉప్పుమంచు పరీక్ష నెగ్గినది” అని వ్యాపారి చెప్పినచో మర్యాదగానే ఈ ప్రశ్నలడుగుడు: ఆ రేకుపై గీత గీసిరా, లేదా నిండు రేకునే పరీక్షించిరా? గీతనుండి తుప్పు ఎంత ప్రాకినది? ప్రక్కన పోల్చిన పూత ఏది? ఒకేచోట ఎన్నిసార్లు మానుకొనును? అందులో క్రోమేటు ఉన్నదా? మంచి సరుకు గలవాడు ఈ ప్రశ్నలకు కోపింపడు. తానే కత్తి తీసి నమూనాపై గీత గీసి చూపును.

చివరగా, మొదట చెప్పిన ట్యాంకు నిచ్చెనను మరల తలచుకొనుడు. ఈ నెల సమావేశమునకు ముందు సభ్యులలో నొకరు ఇంజనీరుగారితోగూడి దాని చెంతకు పోవుదురుగాక. క్రిందినుండి చూచి రాక, ప్రతి మెట్టును సుత్తితో మెల్లగ తట్టి చూడవలెను. వెల్డింగు చోట్లను, గోడలోనికి దిగుచోట్లను తీగబ్రష్షుతో రుద్ది చూడవలెను. రంగు పొరలుగ లేచినచో, సుత్తి దెబ్బకు తుప్పుపొడి రాలినచో, ఆ నిచ్చెనను మరమ్మతు చేయించువరకు ఎవరిని ఎక్కనీయరాదు. పూత చేయు పని మన కంటికి కనుపింపదు. అది పనిచేయుచున్నదో లేదో అడిగి తెలిసికొను బాధ్యత, నిచ్చెన నెక్కువానిది కాదు, పంచాయతీది.